మీకు తెలుసా? ఓటరు గుమ్మం నుంచి ఖజానా దాకా

అసెంబ్లీ ఎన్నికలో ఒక అభ్యర్థి చట్టప్రకారం పెట్టదగిన ఖర్చు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 40 లక్షల రూపాయలు. లోక్‌సభకైతే 95 లక్షలు. 2022 జనవరిలో పెంచిన పరిమితులివి. అదే ఏడాది నవంబరులో మునుగోడు ఉపఎన్నిక జరిగింది. అక్కడి ఓటర్లు దాదాపు 2 లక్షల 41 వేలమంది. 40 లక్షలను వాళ్ల లెక్కన భాగించి చూడండి, తలకు 17 రూపాయలు కూడా రావు. సభలు, మైకులు, జెండాలు, కార్ల కిరాయిలు, కరపత్రాలు, కార్యకర్తల భోజనాలు అన్నీ ఆ డబ్బులోనే గడిచిపోవాలి. ఆ రోజుల్లో మునుగోడు రోడ్లమీద బారులు తీరిన బండ్లను చూసినవాళ్లెవరూ ఈ లెక్కను నమ్మలేరు.

కాగితం మీద మాత్రం అందరూ పరిమితి లోపలే ఉంటారు. 2019లో గెలిచిన లోక్‌సభ సభ్యులు అధికారులకు ఇచ్చిన లెక్కలను, ఎన్నికల తీరును పరిశీలించే ఏడీఆర్ సంస్థ కూడి చూస్తే సగటు ఖర్చు 51 లక్షల లోపే తేలింది. అప్పటి పరిమితి 70 లక్షలు. అంటే పరిమితి కూడా పూర్తిగా వాడుకోలేదన్నమాట! అదే ఎన్నికకు మొత్తమ్మీద 55 వేల కోట్ల నుంచి 60 వేల కోట్ల దాకా ఖర్చయిందని ఢిల్లీలోని సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ అంచనా కట్టింది. ఒక్కో నియోజకవర్గానికి వంద కోట్ల పైమాటే. 2024 ఎన్నికలకు ఆ సంస్థ అంచనా 1 లక్షా 35 వేల కోట్లకు చేరింది.

అభ్యర్థికి గీత, పార్టీకి మైదానం

అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. ఈ తేడా వెనక ఒక కథ ఉంది. 1971లో ఢిల్లీ సదర్ స్థానంలో కాంగ్రెస్ తరఫున అమర్‌నాథ్ చావ్లా గెలిచారు. ఓడిన జనసంఘ్ అభ్యర్థి కన్వర్‌లాల్ గుప్తా కోర్టుకెళ్లారు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆయన వాదన ఒప్పుకుంది. ఒక అభ్యర్థి కోసం పార్టీ పెట్టే ఖర్చు కూడా ఆ అభ్యర్థి ఖాతాలోకే రావాలని చెప్పి, ఆ ఎన్నికను కొట్టేసింది. తీర్పు వెలువడిన నెలలోనే ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పార్టీగానీ, మిత్రులుగానీ పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 77వ సెక్షన్‌కు వివరణ చేర్చింది. ఆ తర్వాత అదే శాసనమైంది. 2003లో ఆ వెసులుబాటును కొంత కుదించారు. అయినా స్టార్ ప్రచారకుల ప్రయాణాలు, పార్టీ సాధారణ ప్రచారం ఇప్పటికీ అభ్యర్థి లెక్కకు బయటే. గుర్తింపు పొందిన పార్టీకి నలభైమంది దాకా స్టార్ ప్రచారకులు ఉండొచ్చు. వాళ్లు ఎన్ని హెలికాప్టర్లలో తిరిగినా ఆ 40 లక్షల్లోంచి ఒక్క రూపాయి తగ్గదు.

యాభై ఏళ్లుగా ఎందరు ప్రధానులు మారినా పార్టీల ఖర్చుకు గీత గీయాలన్న ప్రయత్నం చట్టసభలో ముందుకు సాగలేదు. ఈ ఒక్క విషయంలో అధికార పక్షానికీ, ప్రతిపక్షానికీ మధ్య గొడవే రాలేదు.

విందుకు జరిమానాతో సరి

ఓటుకు డబ్బు ఇచ్చినవాళ్లూ, తీసుకున్నవాళ్లూ ఇద్దరూ నేరస్తులే. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే లంచం తిండి, తాగుడు, వినోదాల రూపంలో ఉంటే జైలు లేదు, జరిమానా మాత్రమే. బ్రిటిష్ కాలపు శిక్షాస్మృతిలోని ఈ మినహాయింపును కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ అలాగే ఉంచారు. బిర్యానీ పొట్లం, క్వార్టర్ సీసా ఎన్నికల్లో ఎంతగా ఏరులై పారతాయో తెలిసిన మనకు ఇది చిన్న సంగతి కాదు.

2021 అక్టోబరులో హుజూరాబాద్ ఉపఎన్నికప్పుడు కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు రోడ్డెక్కి, పక్కవాళ్లకు కవర్లు అందాయి, మాకెందుకు ఇవ్వలేదని నిలదీశారు. టీవీల్లో అది చూసి చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. కూలికి వెళ్తేగానీ పూట గడవని మనిషి, తన పేరు చెప్పి పైనుంచి వచ్చిన డబ్బు మధ్యలో ఎవరో మింగేశారని అడుగుతోంది. ఆ కవరు లోపల ఉన్నది ఎవరి సొమ్మో, రేపు ఏ రూపంలో తిరిగి వసూలవుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సిగ్గుపడాల్సింది కవర్లు పంపినవాళ్లు.

పట్టుబడినదే ఇంత

2023లో తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల పోలింగుకు పది రోజుల ముందు, నవంబరు 20న, ఎన్నికల సంఘం ఒక లెక్క విడుదల చేసింది. అప్పటికి ఒక్క తెలంగాణలో పట్టుబడిన నగదు, మద్యం, బంగారం, కానుకలు, మత్తు పదార్థాల విలువ 659 కోట్లు. ఆ విడత ఎన్నికలు జరిగిన అయిదు రాష్ట్రాల్లో కలిపి 1,760 కోట్లు. అంతకు ముందు 2018లో అదే అయిదు రాష్ట్రాల మొత్తం 239 కోట్లే.

ఇప్పుడు ఇంకో లెక్క వేద్దాం. రాష్ట్రంలో 119 స్థానాలు. ఒక్కో చోట ముగ్గురు ప్రధాన అభ్యర్థులు ఉన్నారనుకుని, ముగ్గురూ పరిమితి మేరకు పూర్తిగా ఖర్చు పెట్టినా మొత్తం 143 కోట్లు దాటదు. పట్టుబడిన సరుకే దానికి నాలుగు రెట్లకు మించింది. అందులో వ్యాపారుల సొంత బంగారం, పెళ్లిళ్లకు తీసుకెళ్తున్న డబ్బు కొంత ఉండొచ్చు. అదంతా తీసేసినా, చెక్‌పోస్టు తప్పించుకుని ఊళ్లోకి చేరిన సొమ్మును ఈ లెక్క పట్టించుకోలేదని గుర్తుంచుకోవాలి.

డబ్బు పంపకాల కారణంగా లోక్‌సభ ఎన్నికే రద్దయిన మొదటి స్థానం తమిళనాడులోని వేలూరు. 2019 ఏప్రిల్ 18న పోలింగు జరగాల్సి ఉండగా, రెండు రోజుల ముందు రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆగిపోయింది. మళ్లీ ఆగస్టు 5న జరిగింది. దానికి ముందు 2016లో అదే రాష్ట్రంలో అరవకురిచ్చి, తంజావూరు అసెంబ్లీ ఎన్నికలు, 2017లో చెన్నైలోని ఆర్కే నగర్ ఉపఎన్నిక ఇలాగే ఆగాయి. సాధారణ ఓటర్లతో పని లేని రాజ్యసభ ఎన్నికా ఇందుకు అతీతం కాదు. 2012లో జార్ఖండ్‌లో పోలింగు రోజున రాంచీ దగ్గర ఒక కారులో 2 కోట్లకు పైగా నగదు దొరికింది, ఆ ఎన్నికను రద్దు చేశారు.

చెక్కు రాసినవారి పేరు

1957లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ, రాజకీయ పార్టీలకు విరాళాలు ఇచ్చేందుకు వీలుగా తన నిబంధనలు మార్చుకోవాలనుకుంది. ఒక వాటాదారు బొంబాయి హైకోర్టుకెక్కాడు. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా చట్టం ప్రకారం కంపెనీని అడ్డుకోలేకపోయారు. కానీ ఈ పద్ధతి పెరిగితే ప్రజాస్వామ్యానికే ఊపిరాడదని, పార్లమెంటు మేలుకోవాలని తీర్పులోనే హెచ్చరించారు. ఆ తర్వాత కథ మలుపులు తిరిగింది. 1969లో కంపెనీల విరాళాలను నిషేధించారు. నిషేధంతో డబ్బు ఆగలేదు, చెక్కులు పోయి సూట్‌కేసులు వచ్చాయి. 1985లో నిషేధం ఎత్తేసి లాభాల్లో 5 శాతం దాకా ఇవ్వొచ్చన్నారు. 2013 కంపెనీల చట్టం దాన్ని ఏడున్నర శాతం చేసింది. 2017లో ఆ హద్దూ చెరిపేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చన్నారు, ఎవరికిచ్చిందో చెప్పక్కర్లేదన్నారు. మరుసటి ఏడు ఎన్నికల బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో కొనాలి, పదిహేను రోజుల్లో పార్టీ వాటిని మార్చుకోవాలి, కొన్నవారి పేరు బయటికి రాదు అన్నది ఆ పథకం.

2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏకగ్రీవంగా ఈ పథకాన్ని కొట్టేసింది. పార్టీకి ఎవరు డబ్బిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలని బ్యాంకు కోరింది. అప్పటికి ఎన్నికలు ముగిసిపోయేవి. మర్నాడే ఇవ్వమని కోర్టు ఆదేశించడంతో మార్చి నెలలోనే అన్నీ బయటపడ్డాయి.

ఆ జాబితాలో మన హైదరాబాద్ కంపెనీలు చాలానే కనిపించాయి. దేశం మొత్తంలో రెండో అతిపెద్ద కొనుగోలుదారు మన దగ్గరిదే. ప్రాజెక్టులు కట్టే మేఘా ఇంజనీరింగ్ 966 కోట్ల బాండ్లు కొంది. పుచ్చుకున్న వైపు చూస్తే, 2019 ఏప్రిల్ నుంచి బయటపడ్డ లెక్కల్లో బీజేపీకి 6 వేల కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా, బీఆర్‌ఎస్‌కు దాదాపు 1,200 కోట్లు, వైఎస్సార్‌సీపీకి 330 కోట్లకు పైగా, టీడీపీకి 210 కోట్లకు పైగా చేరాయి. బాండు కొనడం అప్పటి చట్టప్రకారం తప్పు కాదు, విరాళం ఇచ్చిన ప్రతి కంపెనీ పని కోసమే ఇచ్చిందనీ అనలేం. నా బాధల్లా ఒక్కటే. అయిదేళ్లకు పైగా ఏ పార్టీకి ఎవరి డబ్బుందో తెలియకుండానే మనం ఓటేశాం. టెండర్లు పిలిచేవాళ్లకూ, వేసేవాళ్లకూ తెలిసిన విషయం మనకు మాత్రం తెలియలేదు.

గతాన్నీ మార్చే చట్టం

చట్టం రేపటి నుంచి అమలవుతుందని మనం అనుకుంటాం. విదేశీ విరాళాల విషయంలో అది వెనక్కి నడిచింది. 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, విదేశీ కంపెనీకి చెందిన సంస్థల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ చట్టం ఉల్లంఘించాయని తేల్చింది. 2016లో బడ్జెట్‌తో పాటు వచ్చిన ఫైనాన్స్ చట్టంలో విదేశీ సంస్థ అన్న నిర్వచనాన్నే 2010 నుంచి వర్తించేలా సవరించారు. అదీ చాలలేదు. 2018లో ఆ తేదీని ఇంకా వెనక్కి, 1976 దాకా జరిపారు. నలభై రెండేళ్ల గతం ఒక్క సవరణతో శుభ్రమైపోయింది. ఆ ఏడాది లోక్‌సభలో దానిమీద చర్చ కూడా జరగలేదు.

చెరకు ధర, సిమెంటు బస్తా, ఊరి రోడ్డు

ఇంత డబ్బు ఎక్కడ పుడుతుంది? దీన్ని పట్టుకోవడానికి పరిశోధకులు పార్టీ ఆఫీసులకు వెళ్లలేదు. ఫ్యాక్టరీల లెక్కలు, సరుకు అమ్మకాలు చూశారు. నన్ను అన్నిటికన్నా కలచివేసింది సందీప్ సుఖ్తంకర్ చేసిన అధ్యయనం. మహారాష్ట్రలో సహకార చక్కెర ఫ్యాక్టరీల చైర్మన్లు చాలామంది రాజకీయ నాయకులే. ఆయన చూసిన 183 ఫ్యాక్టరీల్లో 101 ఫ్యాక్టరీల చైర్మన్లు ఏదో ఒక ఎన్నికలో నిలబడ్డవాళ్లు. సరిగ్గా ఎన్నికల ఏడాదిలో ఆ ఫ్యాక్టరీలు రైతుకిచ్చే చెరకు ధర తగ్గింది. నాయకుల చేతిలో లేని ఫ్యాక్టరీల్లో ఆ తగ్గుదల లేదు. రైతుకు దక్కాల్సిన ధరలోంచే ప్రచారానికి డబ్బు మళ్లిందని ఆయన తేల్చారు. అభ్యర్థి రైతు ఇంటికొచ్చి చేతిలో పెట్టిన నోటు, బహుశా ఆ రైతు చెరకు తూకంలోంచి తీసిందే.

దేవేష్ కపూర్, మిలన్ వైష్ణవ్ సిమెంటును చూశారు. రాష్ట్రంలో ఎన్నికలు వచ్చిన నెలల్లో సిమెంటు వాడకం తగ్గుతోంది. భూముల వినియోగ మార్పిడికీ, అనుమతులకూ ప్రభుత్వం మీద ఆధారపడే బిల్డర్లు ఆ సమయంలో తమ దగ్గరున్న నగదును నాయకులకు సర్దుతారనీ, అందుకే నిర్మాణాలు మందగిస్తాయనీ వాళ్ల వివరణ. అపార్టుమెంటు పని ఎన్నికల ముందు ఎందుకు ఆగిందో కొన్నవాళ్లకు అంతుపట్టదు, మేస్త్రీలకు మాత్రం తెలుసు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల మీద ఇంకో పరిశోధన జరిగింది. ఈ పనులు ఎవరికివ్వాలో తేల్చే అధికారం ఎమ్మెల్యేకు చట్టప్రకారం లేదు. అయినా, అతి తక్కువ ఓట్ల తేడాతో గెలిచిన ఎమ్మెల్యేలను, అలాగే ఓడినవాళ్లను పోల్చి చూస్తే, ఎమ్మెల్యే ఇంటిపేరున్న కాంట్రాక్టర్లకు దక్కిన రోడ్ల వాటా సుమారు 4 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, అలా దక్కిన రోడ్లలో కొన్ని కాగితం మీద పూర్తయ్యాయి, బిల్లులు చెల్లించారు, జనాభా లెక్కలవాళ్లు వెళ్లి చూస్తే ఆ ఊరికి రోడ్డు లేదు.

ఖజానా ముందు ఎవరు నిలబడతారు?

1983 ఎన్నికల్లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానంతో జనంలోకి వెళ్లారు. ఎన్నికల ముందు అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రూపాయి 90 పైసలకే బియ్యం అంది. జనం పది పైసల తేడా చూడలేదు, ఎన్టీఆర్‌నే గెలిపించారు. ఆకలి తీర్చే బియ్యాన్ని నేను ఎన్నడూ తాయిలం అనను. పేదవాడి కడుపు ఖజానాకు మొదటి బాధ్యత. నా అభ్యంతరం పథకాల మీద కాదు, పోలింగు తేదీ చూసుకుని వాటిని పంచే పద్ధతి మీద.

2021లో కుటుంబానికి పది లక్షల రూపాయలిచ్చే దళితబంధును ప్రయోగాత్మకంగా అమలు చేయడానికి తెలంగాణ ప్రభుత్వం ఎంచుకున్న నియోజకవర్గం హుజూరాబాద్. ఉపఎన్నిక రావాల్సింది కూడా అక్కడే. ఆ ఒక్క నియోజకవర్గానికి 2 వేల కోట్లు విడుదల చేశారు. మిగిలిన 118 నియోజకవర్గాల దళితులు అంతకన్నా ధనవంతులా? 2019లో కేంద్రం ఫిబ్రవరి 1న రైతులకు నగదు ఇచ్చే పీఎం కిసాన్ ప్రకటించి, 2018 డిసెంబరు నుంచే లెక్కగట్టి, ఫిబ్రవరి 24న మొదటి విడత వేసింది. మార్చి 10న ఎన్నికల కోడ్ కూసింది. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో పసుపు కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు పదేసి వేల రూపాయలు మూడు విడతలుగా ఇచ్చారు. ఆఖరి విడత ఏప్రిల్ మొదటి వారంలో, పోలింగు 11న. అన్ని పార్టీలదీ ఒకే క్యాలెండరు.

వింత ఏమిటంటే, హుజూరాబాద్‌లో అధికార పక్షం ఓడింది. పసుపు కుంకుమ ఇచ్చిన టీడీపీ 175లో 23 స్థానాలకు పడిపోయింది. ఓటరు తీసుకున్న ప్రతి రూపాయికీ ఓటు రాసివ్వడు. అయినా నాయకులు ఆపరు, ఎందుకంటే ఎదుటివాడు ఇస్తున్నప్పుడు తాను ఇవ్వకపోతే ఓడిపోతానన్న భయం.

ఈ భయం బడ్జెట్‌ను మెల్లగా తనవైపు వంచుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో నలభై ఏళ్ల కరెంటు లెక్కలను బ్రయన్ మిన్, మిరియమ్ గోల్డెన్ పరిశీలించారు. అసెంబ్లీ ఎన్నికలకు ముందు బిల్లు లేకుండా పోయే కరెంటు పెరిగింది. దేశవ్యాప్తంగా ప్రభుత్వ బ్యాంకుల వ్యవసాయ రుణాలను షాన్ కోల్ చూశారు. ఎన్నికల ఏడాదిలో వాటి పెరుగుదల మామూలుకన్నా 5 నుంచి 10 శాతం పాయింట్లు ఎక్కువ. పోటీ హోరాహోరీగా ఉన్న జిల్లాల్లో ఇంకా ఎక్కువ. పంట దిగుబడి మాత్రం దాంతో పెరిగిన జాడ లేదు.

కాలువ పూడిక తీయడం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు పోస్టు నింపడం, బడికి సైన్సు టీచరును వేయడం, మురుగు కాలువ బాగుచేయడం పోలింగు నాటికి ఫోనులో మెసేజ్‌గా రావు. వాటికి శిలాఫలకం ఉండదు, ఫొటో ఉండదు. అందుకే అవి ప్రతి బడ్జెట్‌లో మరుసటి ఏటికి జరుగుతుంటాయి. మేనిఫెస్టో వాగ్దానాలు చట్టం దృష్టిలో లంచం కావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడులో కలర్ టీవీలు, మిక్సీలు, గ్రైండర్ల పంపిణీపై వేసిన కేసులో వచ్చిన తీర్పు అది. వాగ్దానాలపై మార్గదర్శకాలు రాయమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. మార్గదర్శకాలు వచ్చాయి. డబ్బు ఎక్కడినుంచి తెస్తారో పార్టీలు స్థూలంగా చెప్పాలన్నాయి. మీ ఇంటికొచ్చిన ఏ మేనిఫెస్టోలోనైనా ఆ పేజీ చూశారా?

పోటీకి అర్హత

2009లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో కోటీశ్వరులు 58 శాతం. 2024లో 93 శాతం. ఆ ఏడాది గెలిచినవాళ్లలో అందరికన్నా ధనికులైన ఇద్దరూ తెలుగువాళ్లే. గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ 5,700 కోట్లకు పైగా, చేవెళ్ల నుంచి గెలిచిన కొండా విశ్వేశ్వర్‌రెడ్డి 4,500 కోట్లకు పైగా ఆస్తులు ప్రకటించారు. ఆస్తి ఉండటం తప్పు కాదు, దాచకుండా చెప్పడం మంచిదే. కానీ ఇవాళ టికెట్ కోసం వెళ్లిన ఒక మంచి టీచరును, ఒక రైతు సంఘం నాయకురాలిని ఏ పార్టీ అయినా మొదట అడిగే ప్రశ్న, ఎంత పెట్టుకోగలవు అన్నదే. అలాంటివాళ్లు ఖర్చు పెట్టుకోలేక ఆగిపోతే సభలోకి రైతు కూలీల గొంతు ఎవరు మోసుకెళ్తారు? పోటీదారులకు కొంత ఖర్చు వస్తురూపంలో ప్రభుత్వమే భరించాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ సూచించింది. ఆ నివేదిక ఇప్పటికీ అమలు కోసం ఎదురుచూస్తోంది.

రూపాయికి దొరికే కాగితం

ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ప్రతి అభ్యర్థీ, ఓడినవాళ్లతో సహా, తన ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి. చాలా జిల్లాల్లో ఆ అధికారి కలెక్టరే. లెక్క అందిన రెండు రోజుల్లో, దాన్ని ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చో నోటీసు బోర్డులో పెట్టాలి. ఎవరైనా ఒక్క రూపాయి రుసుము కట్టి ఆ లెక్క చూడొచ్చు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 88వ నియమం ఇచ్చిన హక్కు ఇది. ఆ నియోజకవర్గంలో ఓటు ఉండాలన్న షరతూ లేదు. రుసుము చెల్లిస్తే నకలు కూడా ఇస్తారు.

చూసేటప్పుడు, టీకి, టిఫినుకు, కుర్చీకి, షామియానాకు, కారు కిరాయికి ఆ జిల్లా అధికారులు ముందే ఖరారు చేసిన ధరల పట్టిక కూడా అడగండి. మీ ఊళ్లో జరిగిన సభ తేదీ గుర్తుంటే ముందు ఆ రోజు పద్దు తీసి, ఎన్ని కుర్చీలు, ఎన్ని బండ్లు రాశారో చూడండి.